ఆరు నెలల కొసరు

2000వ సంవత్సరం ఫిబ్రవరి 14, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు, సిడ్నీ పశ్చిమ శివారులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో, మూడో నంబరు కౌంటరు ఎదుట, మా అమ్మ నూట ఎనభై మూడు రోజుల వ్యవధిలో ఇద్దరు పిల్లల్ని కన్నట్టు అధికారికంగా బయటపడింది. (సమయం అక్కడికక్కడే చేతి గడియారం చూసి రాసుకున్నది. రోజుల లెక్క మాత్రం ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, క్యాలెండరు ముందు పెట్టుకుని, రెండుసార్లు సరిచూసి వేసినది.)

ఆ రోజుల్లో తేదీ అన్న మాటకు ఉన్న విలువ ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. పాత కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండంకెలతోనే గుర్తుపెట్టుకుంటాయనీ, తొంభై తొమ్మిది దాటి రెండు సున్నాలు రాగానే అవి వందేళ్లు వెనక్కి వెళ్లిపోతాయనీ, దానితో బ్యాంకులూ విమానాలూ లిఫ్టులూ ఎక్కడివక్కడ నిలిచిపోతాయనీ పత్రికలు రోజూ రాసేవి. ఆ ఆపద తప్పించడానికి దేశదేశాల నుంచి మనుషుల్ని రప్పించుకున్నారు. అలా వచ్చినవారిలో, పాతకాలపు కంప్యూటరు భాషలో పదిహేనేళ్ల అనుభవం గల మా నాన్నగారు ఒకరు. 1998 ఫిబ్రవరి 8, ఆదివారం నాడు మేం నలుగురం శాశ్వత నివాసపు వీసాతో సిడ్నీలో దిగాం. రెండేళ్లపాటు ఆయన ఒక బీమా కంపెనీ రికార్డుల్లోని తేదీలను ఓపిగ్గా నాలుగంకెల్లోకి మార్చారు. చివరికి ఆ జనవరి ఒకటి వచ్చింది. బ్యాంకులు నిలిచిపోలేదు, విమానాలు నిలిచిపోలేదు, మా అపార్ట్‌మెంటు లిఫ్టు ఎప్పటిలాగే ఆగి ఆగి నడిచింది. జనవరి 28, శుక్రవారం సాయంత్రం, మా నాన్నగారి ఉద్యోగం ఒక్కటే ఆగిపోయింది. (పని అంత చక్కగా పూర్తిచేసినందుకు కంపెనీవారు కేకు కోసి, మిగిలిన సగం డబ్బాలో పెట్టి ఇంటికి పంపారు. మంచి కేకు.)

సరిగ్గా ఆ నెలలోనే నాకు యూనివర్సిటీలో ఫార్మసీ సీటు వచ్చింది. అమ్మ వృద్ధాశ్రమం వంటశాలలో తెల్లవారుజాము షిఫ్టు చేసి తెచ్చే జీతం ఇంటి అద్దెకు సరిపోయేది. నా రైలు ఛార్జీలూ పుస్తకాలూ ఎక్కడి నుంచి రావాలన్నది ఎవరూ పైకి అనని ప్రశ్న. నాన్నగారు ఒకరోజు భోజనాల దగ్గర, కంచంలోకి చూస్తూ, "మార్చి 31 లోపు మానేస్తే ఫీజు మీద పడదట. ఒక ఏడాది ఆగి చేరినా కొంపేం మునగదు కదా, అమ్మడూ" అన్నారు. కొంప మునగదన్న మాట నిజమే. కానీ ఒక ఏడాది ఆగి చదువుకుందామని సూపర్ మార్కెట్‌లో చేరి, ఆ ఏడాదిని ఇంకా పూర్తిచేయని అక్కలు మా వీధిలోనే ఇద్దరున్నారు. మార్చి 31 అన్న తేదీని నా డైరీలో ఎర్ర సిరాతో రాసుకుని, చదువుకునే పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వం రెండు వారాలకొకసారి ఇచ్చే భృతికి దరఖాస్తు చేయాలని నిశ్చయించుకున్నాను. దానికి కావలసిన అర్హతలు పదకొండు. ఒక్కొక్కదానికీ ఒక గీత గీసి పట్టిక వేసుకున్నాను. పూర్తికాల విద్యార్థిని అయి ఉండాలి, ఉన్నాను. తల్లిదండ్రుల ఆదాయం ఇంతకు మించరాదు, మించే భయం లేదు. దేశంలో అడుగుపెట్టి రెండేళ్లు నిండాలి, ఫిబ్రవరి 8కి నిండాయి. (నేను మరో ఆరు రోజులు ఆగి, 14న వెళ్లాను. అంచు మీద వెళ్లడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు.) పదకొండో అర్హత, ఇంట్లో ఉన్న పిల్లలందరి పేర్లూ పుట్టిన తేదీలూ ఆధారాలతో సమర్పించడం. పదకొండింటిలోకీ సులువైనది అదేనని పట్టికలో పక్కన రాసుకున్నాను కూడా. ఆ పుస్తకం ఇంకా నా దగ్గర ఉంది, కాబట్టి ఆ మాట కాదనడానికి వీల్లేదు.

మూడో కౌంటరులో కళ్లద్దాలకు గొలుసు వేసుకున్న ఒక పెద్దావిడ ఉండేది. నా కాగితాల దొంతర చూసి, "ఇంత శుభ్రంగా తెచ్చినవాళ్లని ఈ మధ్య చూడలేదు, లవ్" అంది. (ఈ దేశంలో కొందరు పెద్దవాళ్లు ముక్కూమొహం తెలియనివారిని కూడా అలాగే పిలుస్తారు. వచ్చిన కొత్తలో ఒక బస్సు డ్రైవరమ్మ అలా పిలిచిందని మా నాన్నగారు రెండు స్టాపుల ముందే దిగిపోయారు.) నేను పొంగిపోతున్నంతలో ఆవిడ పెన్ను ఆగింది.

"మీ తమ్ముడి తేదీ పొరపాటుగా రాసినట్టున్నావు."

"లేదండీ, పాస్‌పోర్టులో ఉన్నదే రాశాను" అని రెండు పాస్‌పోర్టులూ తీసి పక్కపక్కన పెట్టాను. వాటిని అలా పక్కపక్కన పెట్టడం వాటి చరిత్రలో అదే మొదటిసారి అని నాకప్పుడు తెలియదు. నాది 1981 జూన్ 1. తమ్ముడిది 1981 డిసెంబరు 1. ఆవిడ జూను నుంచి డిసెంబరు దాకా వేళ్లమీద లెక్కపెట్టి, నా వైపు చూసి, నా పక్కన చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మ వైపు చూసి, గొంతు తగ్గించి, "దత్తత తీసుకున్నారా" అని అడిగింది. కాదన్నాను. "తల్లి వేరా?" అదీ కాదన్నాను.

"ఏంటే, ఏమంటోంది?" అంది అమ్మ.

"నాకూ తమ్ముడికీ మధ్య ఆరు నెలలే ఉందట. నువ్వెలా కన్నావని అడుగుతోంది."

అమ్మ, "నేను మనిషినేనని చెప్పు ఆవిడకి" అంది.

ఆ మాటను నేను అనువదించలేదు. కౌంటరావిడ కళ్లద్దాలు తీసి, వాటిని గొలుసు మీద వేలాడనిచ్చి, "ఈ రెంటిలో ఒకటి తప్పు అయివుండాలి. ఏది తప్పు?" అంది. తప్పు రాస్తే శిక్షార్హులు అని ఆ ఫారం చివర లావు అక్షరాల్లో ఉంది, దాని కింద నా సంతకం ఉంది. అబద్ధం చెప్పే వీలు లేక, "రెండూనండీ" అన్నాను. "రెండూ తప్పని చెప్పినవాళ్లలో నువ్వే మొదలు" అంటూ ఆవిడ నా కాగితాలన్నీ మళ్లీ అంచులు కలిపి సర్ది, "ఫైలు మూయను. సరైన తేదీకి ఆధారం పట్టుకురా. అది లేకుండా ఇది ఒక్క అడుగు ముందుకు పోదు" అని, వాడి కాగితాలన్నిట్లో ఒకే తేదీ ఉండాలని ఒక చీటీ మీద రాసి మరీ నా చేతికిచ్చింది.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. మా తరం వాళ్లలో చాలామందికి పుట్టినరోజులు రెండు. ఒకటి కన్నతల్లి ఇచ్చినది, రెండోది బడిలో హెడ్‌మాస్టరు ఇచ్చినది. నేను పుట్టింది 1981 నవంబరు 22, ఆదివారం, అమ్మమ్మగారింట్లో. మంత్రసాని తప్ప సాక్షులు లేరు. 1986 జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చాలంటే అయిదు నిండాలి గనుక తాతయ్య తన ఊరి బడిలో సరిగ్గా అయిదేళ్ల వెనక్కి లెక్కగట్టి జూన్ ఒకటి వేయించాడు. ఆయన నిఖార్సైన మనిషి, అబద్ధం కూడా అవసరమైనంత మేరకే ఆడాడు. తమ్ముడు పుట్టింది 1983 ఆగస్టు 9న, కాకినాడలో ఆస్పత్రిలో. మరి వాడు 1981 డిసెంబరులోకి ఎలా వెళ్లాడన్నది ఇంట్లో ఎవరికీ స్పష్టంగా గుర్తులేదు. వాణ్ణి బడిలో వేసినప్పుడు నాన్నగారు హైదరాబాదులో ఉండేవారు. వేసింది మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. ఆ వారం ఆదివారం నాడు పది డాలర్ల ఫోను కార్డు గోకి, కాకినాడకు ఫోను చేశాను.

"ఆ తేదీయా? నేనే వేయించాను" అన్నాడు మావయ్య ఎంతో హుషారుగా. "నువ్వు మూడులోకి వెళ్తన్నావు అప్పుడు. నీ పుస్తకాలు చూసి వాడు ఎక్కాలన్నీ గడగడా అప్పజెప్పేసేవాడు. ఇంకా ఒకటో తరగతి దండగ, రెండులో వేసుకోండి మాస్టారూ అన్నాను. రెండుకి ఆరు నిండాలన్నారు. నిండినట్టు రాసుకోండి అన్నాను. ఆయన పెన్ను మూత తీసి, మరీ అంచు మీద ఎందుకండీ, రేపు ఎవరైనా తనిఖీకొస్తే మాటొస్తుంది, ఇంకో ఆరు నెలలు వేసుకోండి అన్నారు. సరే కానీండన్నాను. మన జేబులోంచి పోయేదేముంది?"

"నా తేదీ ఏమిటో చూసుకోలేదా, మావయ్యా?"

"నీది మీ తాత ఆ ఊళ్లో వేయించాడు, నాకేం తెలుసే? అయినా మీ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి లెక్కలేసేవాడు ఒకడు బయల్దేరతాడని ఎవరనుకున్నాం?"

మొత్తం గ్రంథం ఆ ఆరు నెలల్లో ఉంది. హెడ్‌మాస్టరుగారు నిఖార్సుగా ఆరేళ్లకే వేసి ఉంటే తమ్ముడి పుట్టినరోజు 1982 జూన్ 1 అయ్యేది. నాకూ వాడికీ సరిగ్గా ఏడాది తేడా వచ్చేది. ఏ దేశంలో ఏ అధికారీ మా అమ్మ వైపు అలా చూసేవాడు కాదు. కిలో వంకాయలు తూచాక పైన రెండు వేసినట్టు, ఆయన ఆరు నెలలు కొసరు వేశాడు. మావయ్య కొసరు వద్దనే వంశంలో పుట్టలేదు.

అసలు ఆశ్చర్యం నాన్నగారిది. వీసా దరఖాస్తు ఆయన స్వయంగా నింపారు. రెండేళ్లపాటు ప్రతిరోజూ ఎనిమిది గంటలు తేదీల్లో తప్పులు పట్టిన మనిషి, తన పిల్లల తేదీలు ఒకదాని కింద ఒకటి తన చేత్తో రాసి, ఏమీ గమనించలేదు. అదెలా అని అడిగితే, "అంకెలు ఎనిమిది ఉన్నాయా లేవా అని చూశాను. ఉన్నాయి" అన్నారు.

ఆయన భయం వేరు. "ఇప్పుడీ తేదీ తప్పని మనమే రాసిస్తే వీసాలో అబద్ధం రాశామని ఒప్పుకున్నట్టు. మూటాముల్లే సర్దుకోమంటే? నీ భృతి కోసం నలుగురం ఇరుక్కుంటాం. దరఖాస్తు వెనక్కి తీసుకో."

"తప్పు అలాగే ఉంచమంటారా?"

"నీకు తెలియదమ్మా. ఒక ప్రోగ్రాములో ఒక తేదీ ముట్టుకుంటే దానిమీద ఆధారపడ్డ పది ప్రోగ్రాములు పడిపోతాయి. నేను చూశాను."

"అందుకే కదా నాన్నగారూ, పడిపోకముందే సరిచేయమని మీకు రెండేళ్లు జీతమిచ్చారు."

ఈ మాట అన్నాక నాకే భయం వేసింది. ఆయన కోప్పడలేదు. లేచి వెళ్లి, బాల్కనీలో నిలబడి, ఎదుటి కార్ల పార్కింగును పది నిమిషాలు చూసి, లోపలికి వచ్చి, "ఆ జేపీగారు శనివారాలు దుకాణంలో ఉంటారా?" అని అడిగారు.

జేపీ అంటే ఇక్కడ కాగితాల నకళ్లు సరైనవని ముద్ర వేసే, ప్రమాణాలు చేయించే అధికారం గల మామూలు పౌరుడు. మా జేపీ అంకుల్ హైదరాబాదు పాతబస్తీ నుంచి ఎన్నో ఏళ్ల క్రితం వచ్చి, మా వీధి చివర పప్పులూ బియ్యమూ అమ్మే దుకాణం పెట్టుకున్న పెద్దమనిషి. ముద్రకు డబ్బు తీసుకోకూడదని నియమం, ఆయన తీసుకునేవారు కాదు. అయితే ఆ ముద్ర కోసం వెళ్లి కందిపప్పు కొనకుండా తిరిగివచ్చినవారిని నేను చూడలేదు. నాన్నగారి సందేహం విని, తూకం రాళ్ల పక్కన కూర్చుని, గడ్డం దువ్వుకుంటూ ఆయన అన్నారు: "చూడు భాయ్ సాబ్, ఈ దేశంల తప్పు చెప్పినమని మనమే చెప్పుకునేటందుకు గూడ ఒక ఫారం ఉన్నది. వాళ్లు పట్టుకుంటే నేరం, మనం పట్టిస్తే సవరణ. ముందుగాల అది పంపు. తర్వాత అసల్ కాగితం తీస్కరా. బేటీ, ఫ్యాక్స్ తెస్తే నా ముద్ర లేవదు, చెప్తున్న."

ఫిబ్రవరి 28న ఆ ఫారం వెళ్లింది. మావయ్య తన కొసరును తానే వెనక్కి తీసుకోవడానికి కాకినాడ మునిసిపాలిటీ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. వారానికొక ఫోను కార్డు గోకేవాళ్లం. మొదటి వారం రికార్డు గది తాళం దొరకలేదు. రెండో వారం తాళం దొరికింది, గుమాస్తా సెలవులో ఉన్నాడు. మూడో వారం "రిజిస్టరు కనపడిందే, ఎలకలు మూలంతా కొట్టేశాయి గానీ మనవాడి వరస బతికే ఉంది" అన్నాడు. ఆ వారాల్లో నేను రోజూ క్లాసులకు వెళుతూనే, యూనివర్సిటీ నుంచి తప్పుకునే పత్రం ఒకటి తెచ్చుకుని, పేరు రాసి, సంతకం చేసి, తేదీ ఒక్కటి ఖాళీగా ఉంచి సంచీలో పెట్టుకున్నాను. ఎటు తేలినా కాగితాలు సిద్ధంగా ఉండాలన్నది నా పద్ధతి. దాన్ని తీసి చూసుకున్న రోజుల్లో డైరీలో ఒక చుక్క పెట్టేదాన్ని. పంతొమ్మిది చుక్కలున్నాయి.

మార్చి 22, బుధవారం నాడు కొరియరు వచ్చింది. పుట్టిన తేదీ 9-8-1983, తండ్రి పేరు ఉంది, తల్లి పేరు ఉంది, ఆస్పత్రి పేరు ఉంది. శిశువు పేరు ఉండవలసిన చోట "మగ శిశువు" అని మాత్రమే ఉంది. బారసాలకు ముందే నమోదు చేసే రోజులవి. ఆ మగ శిశువూ మావాడూ ఒకరేనని నాన్నగారు ప్రమాణపత్రం మీద రాసివ్వాలి, జేపీ అంకుల్ ఎదుట. శనివారం నాడు నలుగురమూ దుకాణానికి వెళ్లాం. అంకుల్ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశారు, అయిదడుగుల పదంగుళాలున్న మా తమ్ముణ్ణి చూశారు.

"గీ మగ శిశువు వీడేనా?"

"వీడేనండీ" అన్నారు నాన్నగారు.

"గట్టిగ చదవాలె భాయ్ సాబ్. ప్రమాణం అంటే గొణుగుడు గాదు."

ఉల్లిపాయలు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు చేతులాపి వింటుండగా, మా నాన్నగారు నిటారుగా నిలబడి, తనకు 1983 ఆగస్టు 9న ఒక మగ శిశువు జన్మించాడనీ, ఆ శిశువు ఈ ఎదుట నిలబడినవాడేననీ, పాఠశాలలో నమోదైన తేదీ తన బావమరిది చేత పొరపాటున వేయబడినదనీ బిగ్గరగా చదివారు. ముద్ర పడింది. ఉల్లిపాయలావిడ ఒకామె తమ్ముడికి శుభాకాంక్షలు చెప్పింది. అమ్మ రెండు కిలోల కందిపప్పు కొంది.

ఇదంతా ఎంత సవ్యంగా జరుగుతున్నదో చూసుకుంటూ నేను ఒక చిన్న విషయం మరిచాను. మాకు కారు ఉంది, దాన్ని నడిపేది తమ్ముడు. నాన్నగారు మూడుసార్లు డ్రైవింగు పరీక్ష తప్పి ఆ విద్యకు దూరమయ్యారు. నాకు భయం. తమ్ముడు డిసెంబరులో ఎర్ర పీ అక్షరపు లైసెన్సు, అంటే కొత్తగా పరీక్ష పాసైనవారికిచ్చేది, తెచ్చుకున్నాడు, అది పదిహేడు నిండినవారికే ఇస్తారు. కొత్త తేదీ ప్రకారం వాడికి పదహారేళ్ల ఏడు నెలలు. దుకాణం నుంచి ఇంటికి వస్తూ స్టీరింగు పట్టుకున్నవాడే ఆ లెక్క నాకంటే ముందు వేశాడు.

"అక్కా, నా లైసెన్స్ ఇచ్చేయాలా? సీరియస్‌గా?"

"అన్ని కాగితాల్లో ఒకే తేదీ ఉండాలి. కౌంటరావిడ రాసి మరీ ఇచ్చింది."

"డిసెంబర్‌లో నా ఎయిటీన్త్ చేశాం కదా. పార్క్‌లో బార్బీ పెట్టి, చికెన్ కాల్చి, మేట్స్‌నందర్నీ పిలిచాం. ఇప్పుడు స్కూల్‌కెళ్లి ఐయామ్ సిక్స్‌టీన్ అని చెప్పాలా?"

"ఆగస్టులో పదిహేడోది చేద్దాం."

"పద్దెనిమిది తర్వాత పదిహేడు ఎవరికైనా వస్తుందా, అక్కా?"

వెనక సీట్లోంచి అమ్మ హఠాత్తుగా, "అయితే నేను ఇన్నాళ్లూ పొద్దున్నే నాలుగున్నరకి పదహారేళ్ల పిల్లాడు నడిపే బండిలో డ్యూటీకి వెళ్లానా?" అంది. నువ్వే కన్నావు కదా, వాడి వయసు నీకు తెలియదా అని నాన్నగారు అడిగారు. "తల్లిగా తెలుసు. బండెక్కినప్పుడు ఎప్పుడూ ఆలోచించలేదు" అంది అమ్మ.

తమ్ముడు ఆ రాత్రీ మర్నాటి రాత్రీ కారు తాళంచెవిని దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. వాడు కాదంటే బలవంతపెట్టే హక్కు నాకు లేదని నాకు తెలుసు. వాడి నుంచి నేను అడుగుతున్నది చిన్నది కాదు. పదహారేళ్లవాడికి తాళంచెవి ఎంతటిదో, చదువు పోతుందేమోనని పంతొమ్మిది చుక్కలు పెట్టుకున్నదానికి తెలియకపోదు. సోమవారం పొద్దున వాడు నా బల్ల దగ్గరికి వచ్చి, లైసెన్సును నా డైరీ మీద పెట్టి, "ఒక కండిషన్. అక్కడ కౌంటర్‌లో నువ్వే మాట్లాడాలి. నేను నోరు తెరవను" అన్నాడు.

మార్చి 30, గురువారం, లైసెన్సుల ఆఫీసులో నేనే మాట్లాడాను. అక్కడి కుర్రవాడు పోయిందా, ఎవరైనా దొంగిలించారా అని అడిగాడు. "లేదు. ఇతనికి వయసు తగ్గింది" అన్నాను. తమ్ముడు అంతసేపూ గోడమీది సీటు బెల్టు పోస్టరును చదువుతూ నిలబడ్డాడు.

మార్చి 31, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల పదిహేను నిమిషాలకు మూడో కౌంటరు ముందు కూర్చున్నాను. అయిదింటికి యూనివర్సిటీ గడువు. గొలుసు కళ్లద్దాలావిడ జనన పత్రం చూసింది, ప్రమాణపత్రం చూసింది, వీసా వాళ్లకు పంపిన సవరణ ఫారం నకలూ లైసెన్సు అప్పగించిన రశీదూ చూసింది. రశీదు దగ్గర ఆగి, "పాపం, పిల్లాడు" అంది. తరువాత నేను అడగకుండానే నా జాతకం కూడా తీసి బల్లమీద పెట్టాను. నా తేదీ కూడా తప్పేనని మొదటిరోజే చెప్పాను కదా, ఆ మాటకు ఆధారం చూపకపోవడం నాకు నచ్చలేదు. తాతయ్య తన చేతిరాతతో రాసిన పుస్తకం, దానికి గుర్తింపు పొందిన అనువాదకుడి చేత చేయించిన ఇంగ్లీషు. దుర్మతి నామ సంవత్సరం కార్తీక బహుళ ఏకాదశి అన్న మాటలను ఆయన నిజాయితీగా, దుష్టబుద్ధి అను పేరుగల సంవత్సరంలో, చంద్రుడు క్షీణించు పక్షపు పదకొండవ దినమున అని తర్జుమా చేశాడు.

ఆవిడ దాన్ని చివరిదాకా శ్రద్ధగా చదివి, కంప్యూటరు వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది. "దీన్ని నేను ఎక్కడ టైపు చేయాలి, లవ్? మొన్నమొన్ననే సంవత్సరానికి నాలుగు గడులు ఇచ్చారు మాకు." తరువాత మెల్లగా నవ్వి, నువ్వు చెప్పినట్టు ఫైల్లో రాసుకుంటాను, పాస్‌పోర్టులో ఉన్న తేదీ మేం ఉంచుకుంటాం, ఈ పుస్తకం మీ అమ్మని ఉంచుకోమను, అని తిరిగి ఇచ్చింది. తమ్ముడి తేదీ ఒక్కటి సరైతే చాలట, లెక్క కుదిరిపోతుంది. మూడు గంటల ముప్పై అయిదు నిమిషాలకు మంజూరు పత్రం ప్రింటరులోంచి వచ్చింది. నేను దాన్ని రెండుసార్లు చదివి, పేరూ తేదీలూ సరిచూసి, ఒక చోట మా ఫ్లాటు నంబరు తప్పు పడిందని చూపించాను. ఆవిడ మళ్లీ ప్రింటు తీసింది. బయట నాన్నగారు నిలబడి ఉన్నారు. చెయ్యి చాపారు. కాగితం ఇచ్చాను. ఆయన తన అలవాటు ప్రకారం తేదీలో అంకెలు లెక్కపెట్టి, "ఎనిమిది" అన్నారు. ఆ తరువాత ఒకదాని కిందొకటి ఉన్న మా ఇద్దరి తేదీలను వేలుపెట్టి చదువుకున్నారు.

ఇప్పుడు నేను సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మందుల దుకాణం నడుపుతున్నాను. రోజూ ఎంతోమంది పుట్టిన తేదీ చెప్పి మందులు తీసుకుంటారు. మనవాళ్లలో పెద్దవారు జూన్ ఒకటో జులై ఒకటో చెబుతూ ఒక క్షణం తడబడితే నేను తల ఎత్తను. ఏటా జూన్ ఒకటిన బ్యాంకూ దంతవైద్యుడూ కళ్లద్దాల దుకాణమూ నాకు శుభాకాంక్షలు పంపుతాయి. ఆరోజు మా అమ్మాయి "మమ్, హ్యాపీ ఫేక్ బర్త్‌డే" అంటుంది, ఇంట్లో కేకు మాత్రం నవంబరులోనే. ఆ ఉదయం ఫైలు గుండెకు హత్తుకుని మూడో కౌంటరు ముందు కూర్చున్న పద్దెనిమిదేళ్ల పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. రెండేళ్ల గడువు మీద తాను కూడా ఆరు రోజులు కొసరు వేసుకుని వెళ్లి, కొసరు వేసినందుకు మావయ్యను ఫోనులో నిలదీసింది. మావయ్యకు ఆ సంగతి నేను ఇంతవరకు చెప్పలేదు.

ఆ సంవత్సరం డైరీ చివరి పేజీలోని పట్టికను ఉన్నదున్నట్టు ఎత్తిరాస్తున్నాను. (చివరి మూడు వరసలు తరువాతి సంవత్సరాల్లో చేర్చినవి.)

పోయినవి: తమ్ముడి వయసులో 616 రోజులు. వాడి లైసెన్సు, 132 రోజులపాటు. పది డాలర్ల ఫోను కార్డులు, నాలుగు. జాతకం అనువాదానికి ఇచ్చిన రుసుము, వృథా. హెడ్‌మాస్టరుగారి కొసరు, ఆరు నెలలు.

ఉన్నవి: వీసా, నలుగురిదీ. తేదీ వేయని విరమణ పత్రం, ఒకటి. కందిపప్పు, రెండు కిలోలు. కారు నడపడానికి ఎవరూ లేరని అమ్మ నేర్చుకుని తెచ్చుకున్న లైసెన్సు, ఒకటి. ఫార్మసీ పట్టా, ఒకటి. నా అబద్ధపు పుట్టినరోజు, 174 రోజుల తేడాతో సహా.